సెకండ్‌హ్యాండ్ మోడల్ రైలు ఇంజన్‌కి వేలంలో ఎంత పెట్టాలి?

మీరు రాసిన పెద్ద మెసేజ్‌లో విషయం ఇదీ. మల్కాజ్‌గిరిలో ఉంటారు. నాన్నగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనా, మీ తొమ్మిదేళ్ళ బాబూ కలిసి నడుపుకునేలా ఒక మోడల్ రైలు కొందామని ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైటులో వెతికారు. ఇంగ్లండ్ నుంచి ఒకతను, అక్కడి మోడల్ రైళ్ళ కంపెనీ హార్న్‌బీ వాళ్ళ ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఇంజన్ ఒక్కటే, పట్టాలు లేవు, వేగం పెంచి తగ్గించే కంట్రోలర్ లేదు, 'చాలా అరుదైనది, వింటేజ్, టెస్ట్ చేయలేదు' అని పెట్టి 140 పౌండ్లు అడుగుతున్నాడు, పోస్టేజీ వేరే. ఇంకొకతను అలాంటిదే వేలానికి పెట్టాడు, అది ఇంకా 31 పౌండ్ల దగ్గర ఉంది. మీరు అడిగేవి: 140 న్యాయమైన ధరేనా, పాతవి కొత్తవాటితో పోటీగా ఎందుకు పలుకుతున్నాయి, వేలంలో దిగితే ఎక్కడ ఆగాలి, మొదటతను 'డబ్బు నేరుగా నాకు పంపితే తగ్గిస్తాను, కస్టమ్స్ పడకుండా గిఫ్ట్ అని రాస్తాను' అంటున్నాడు, ఒప్పుకోవచ్చా.

140కి వద్దండీ. వేలంలో ఉన్నది మాత్రం ఆలోచించొచ్చు, ఫోటోలు సరిగ్గా చూసి, లెక్క కట్టుకున్నాక. నేను చాలా ఏళ్ళుగా పాత ఇంజన్లు తెప్పించి, విప్పి బాగుచేసి, కొన్ని ఉంచుకుని కొన్ని అమ్ముతున్నవాణ్ణి, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. ఇక్కడ మనవాళ్ళు అనవసరంగా డబ్బు పోగొట్టుకోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే మొదటి ఇంజన్‌కే పాతిక ముప్ఫై వేలు వదిలినవాడు రెండోది కొనడు, హాబీయే మానేస్తాడు.

ముందుగా 140 సంగతి. అది అతను అడుగుతున్న ధర, అంతే. ఆ ధరకి ఎవరైనా కొన్నారా లేదా అన్నది వేరే విషయం, మీకు కావలసింది ఆ రెండోదే. ఈబేలో వెతికాక ఫిల్టర్లలోకి వెళితే 'సోల్డ్ ఐటమ్స్' అని ఉంటుంది, అది నొక్కండి. దాదాపు గత 3 నెలల్లో నిజంగా అమ్ముడుపోయినవి, ఎంతకి పోయాయో పచ్చ అంకెల్లో కనిపిస్తాయి. ధర మీద గీత కొట్టి ఉంటే అక్కడ బేరం ఆడి తక్కువకి ఇచ్చాడని అర్థం, అసలు ఎంతకిచ్చాడో చూపించదు, కాబట్టి ఆ అంకెను లెక్కలోకి తీసుకోకండి. ఇలా చూస్తే పాత తరం హార్న్‌బీ ఫ్లయింగ్ స్కాట్స్‌మన్, నడిచే స్థితిలో ఉన్నది, నేను గమనించినంతలో 40 నుంచి 60 పౌండ్ల మధ్య తిరుగుతుంటుంది. పెట్టె బాగుంటే కొంచెం ఎక్కువ. టెస్ట్ చేయనిది అందులో సగానికే రావాలి.

మరి అంతంత ధరలు ఎందుకు పెడతారు అంటే, పెట్టినందుకు వాళ్ళకి పోయేదేమీ లేదు. అమ్ముడుపోకపోతే మళ్ళీ పెడతారు. తాతగారి అటక సర్దుతూ ఒక ఇంజన్ దొరికినవాడు ఈబే తెరిచి చూస్తాడు, ఎవరో 140 అడుగుతూ కనిపిస్తాడు, సరే నేను 135 అంటాను అనుకుంటాడు. వాడిని చూసి ఇంకొకడు 150 పెడతాడు. వీటిలో ఒక్కటీ అమ్ముడుపోదు, అమ్ముడుపోదు కాబట్టే నెలల తరబడి అక్కడే కనిపిస్తూ ఉంటుంది. సరైన ధరకి పెట్టింది మాత్రం రెండు రోజుల్లో మాయమవుతుంది. దాంతో కొత్తగా వచ్చినవాళ్ళ కంటికి ఎవరూ కొనని ధరలే మార్కెట్ రేట్లలా ఆనతాయి. మీకు జరిగింది అదే.

'అరుదైనది' అన్న మాట గురించి కూడా చెప్పాలి. అసలు ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ 1923లో డాంకాస్టర్‌లో తయారైంది, 1934లో గంటకు 100 మైళ్ళ వేగం అధికారికంగా నమోదు చేసింది. ఇంగ్లండ్‌లో రైళ్ళ గురించి ఏమీ తెలియనివాళ్ళకి కూడా ఆ పేరు తెలుసు. అలాంటి ఇంజన్ మోడల్‌ని ఏ కంపెనీ అయినా విరివిగా చేస్తుంది. 1960ల చివరి నుంచి హార్న్‌బీ దాన్ని రకరకాలుగా, రంగులు మార్చి, నంబర్లు మార్చి, సెట్లలో పెట్టి, విడిగా, చవక రకంగా, ఖరీదు రకంగా చేస్తూనే ఉంది. ఇంతకన్నా సులువుగా దొరికే హార్న్‌బీ ఇంజన్ చెప్పమంటే నేను ఆలోచించాలి. లిమిటెడ్ ఎడిషన్, నంబర్ వేసిన సర్టిఫికెట్ ఉందంటే కూడా అంత మురిసిపోనక్కర్లేదు, ఆ సర్టిఫికెట్లు వందల్లో, వేలల్లో అచ్చు వేసినవి, కొన్నవాళ్ళందరూ దాచుకున్నవే.

నిజంగా అరుదైనవి ఉన్నాయి. 1938లో మొదలై యుద్ధంతో ఆగిపోయిన తొలి హార్న్‌బీ డబ్లో (హార్న్‌బీ వాళ్ళ పాత బ్రాండ్) సెట్లు, జర్మనీలో మార్క్లిన్ వాళ్ళు యుద్ధానికి ముందు చేసిన పెద్ద రేకు రైళ్ళు, ఇలాంటివి. అవి ఎక్కువగా పాత బొమ్మలు మాత్రమే అమ్మే వెక్టిస్ లాంటి వేలం సంస్థల దగ్గరికి వెళతాయి, అక్కడ పాట ధర మీద కొనేవాడి నుంచి కమిషన్ కూడా తీసుకుంటారు. ఇంటి కార్పెట్ మీద పెట్టి మసక ఫోటో ఒకటి తీసి 'అరుదైనది' అని రాసేవాడి దగ్గర అలాంటిది దొరికే అవకాశం చాలా తక్కువ.

పాతది కాబట్టి రేపు ఇంకా పెరుగుతుంది అన్న ఆశ ఉంటే దాన్ని కూడా పక్కన పెట్టండి. 1950, 60ల నాటి ట్రయాంగ్ (అప్పటి ఇంకో బ్రిటిష్ బ్రాండ్), హార్న్‌బీ డబ్లో మామూలు ఇంజన్ల ధరలు ఒకప్పటితో పోలిస్తే పడిపోయాయి. చిన్నప్పుడు వాటితో ఆడుకున్న తరమే పెద్దయ్యాక వాటిని మళ్ళీ కొనుక్కుంది, ఇప్పుడు ఆ తరం వెళ్ళిపోతోంది, వాళ్ళ పిల్లలు మొత్తం కలెక్షన్లు తెచ్చి అమ్ముతున్నారు. సరుకు పెరిగింది, కొనేవాళ్ళు తగ్గారు. బంగారంలా దాచుకోవడానికి కాదు, నడుపుకోవడానికి కొనండి.

ఇక పాతవి కొత్తవాటితో పోటీ ఎందుకు పడుతున్నాయంటే, కొత్తవి కూడా బాగా పెరిగాయి. హార్న్‌బీ 1990ల చివర్లో తయారీని ఇంగ్లండ్‌లోని మార్గేట్ నుంచి చైనాకి మార్చింది. కొన్నేళ్ళు చవగ్గా, ఇంకా నాణ్యంగా వచ్చాయి. తర్వాత అక్కడ కూలి రేట్లు పెరిగాయి. హార్న్‌బీకి చేసిపెట్టే శాండా కాన్ ఫ్యాక్టరీ, పోటీదారు బాక్‌మన్ మాతృసంస్థ కేడర్ చేతికి వెళ్ళాక సరఫరాలో ఇబ్బందులు వచ్చాయి. ఇప్పుడు వివరాలన్నీ చక్కగా ఉన్న కొత్త స్టీమ్ ఇంజన్ ఇంగ్లండ్‌లోనే 200 పౌండ్లు దాటుతోంది. 2020 లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చున్నవాళ్ళందరూ అటకల మీది పెట్టెలు దించారు, గిరాకీ ఒక్కసారిగా పెరిగింది, అప్పుడు ఎక్కిన రేట్లనే అమ్మేవాళ్ళు ఇంకా పట్టుకుని కూర్చున్నారు. 'కొత్తది 220, నాది 140 మాత్రమే' అన్నది వాళ్ళ వాదన. కానీ ఆ కొత్తదీ ఈ పాతదీ ఒకటి కాదు. కొత్తదాంట్లో మోటర్ ఇంజన్‌లోనే ఉంటుంది, డీసీసీ డికోడర్ (డిజిటల్ పద్ధతిలో నడపడానికి పెట్టే చిప్) పెట్టుకునే సాకెట్ ఉంటుంది, నెమ్మదిగా పాకినట్టు నడుస్తుంది. పాతదాంట్లో చాలాకాలం మోటర్‌ని టెండర్‌లో, అంటే ఇంజన్ వెనక ఉండే బొగ్గు బండిలో పెట్టారు, టెండర్ నెడుతుంటే ఇంజన్ ముందుకు దొర్లుతుంది. గరగరమని చప్పుడు ఎక్కువ. పేరు ఒకటే, రంగు ఒకటే అని పోల్చకూడదు.

ఇప్పుడు ఫోటోలు ఎలా చూడాలో చెబుతాను, దీని మీదే ఎక్కువ ఆధారపడి ఉంది.

'టెస్ట్ చేయలేదు' అన్న మాటని నేను 'నడవదు' అనే చదువుతాను. ఇవి 12 వోల్టుల డీసీ మోటర్లు. టెస్ట్ చేయడానికి పట్టాలూ కంట్రోలరూ ఏవీ అక్కర్లేదు, ఏ షాపులోనైనా దొరికే 9 వోల్టుల చదరపు బ్యాటరీ, రెండు వైరు ముక్కలు చాలు. మామూలు ఇంజన్ అయితే ఒక వైరు ఎడమ చక్రానికి, ఇంకోటి కుడి చక్రానికి ఆనిస్తే మోటర్ తిరగాలి. టెండర్‌లో మోటర్ ఉన్న హార్న్‌బీలకి చిన్న తేడా ఉంది: ఒక పట్టా నుంచి కరెంటుని ఇంజన్ చక్రాలు తీసుకుంటాయి, రెండో పట్టా నుంచి టెండర్ చక్రాలు తీసుకుంటాయి, మధ్యలో ఉన్న లోహపు కొక్కెం ద్వారా రెండూ కలుస్తాయి. కాబట్టి ఒక వైరు ఇంజన్ చక్రానికి, రెండోది అటువైపు టెండర్ చక్రానికి ఆనించాలి. నిమిషం పని. అమ్మేవాడికి మర్యాదగా ఇది రాసి, ఒక చిన్న వీడియో పెట్టమని అడగండి. నిజంగా తెలియనివాడైతే సంతోషంగా చేస్తాడు, ఎందుకంటే నడిస్తే అతని సరుకుకే విలువ పెరుగుతుంది. సాకులు చెబితే మీకు జవాబు దొరికినట్టే. నడుస్తుందని చెప్పి పూర్తి ధర అడిగేవాడైతే మాత్రం, వీడియోలో ఇంజన్‌ని తలకిందులుగా పట్టుకుని చక్రాలు గిర్రున తిప్పి చూపిస్తే సరిపోదు, పట్టాల మీద నెమ్మదిగా, రెండు వైపులకీ నడవాలి. నడిచేటప్పుడు చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకేచోట టక్ టక్ అని ఆగి ఆగి వెళుతుంటే పళ్ళ చక్రం చీలిందేమోనని అనుమానించాలి.

తర్వాత అడుగుభాగం ఫోటో. పాత గ్రీజు ఎండి గోధుమ రంగు బంకలా పట్టేసి ఉంటే భయపడకండి, అది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పోతుంది. టెండర్ చక్రాలకి ఉండే రబ్బరు పట్టీలు గట్టిపడి ఊడిపోయి ఉన్నా ఫర్వాలేదు, అవి కొత్తవి దొరుకుతాయి. మోటర్ బొగ్గు బ్రష్షులు అరిగినా మార్చుకోవచ్చు. భయపడాల్సింది చాసిస్ (ఇంజన్ అడుగు చట్రం) విషయంలో. జింకు మిశ్రమంతో పోత పోసిన భాగాల్లో సీసం లాంటి మలినాలు కలిస్తే, కొన్నేళ్ళకి ఆ లోహం లోపల్నుంచి ఉబ్బి, సన్నటి పగుళ్ళు వచ్చి, చివరికి పొడిపొడిగా రాలిపోతుంది. దీన్ని మాజాక్ రాట్ అంటారు, జింక్ పెస్ట్ అని కూడా. యుద్ధానికి ముందువాటిలో ఎక్కువ, కానీ చైనాలో తయారైన కొన్ని ఆధునిక ఇంజన్లలో కూడా వచ్చింది. దీనికి మందు లేదు, ఆ భాగం మార్చాల్సిందే. పక్క నుంచి తీసిన ఫోటోలో కింది అంచు మీద ఒక స్కేలు పెట్టి చూడండి, చాసిస్ మధ్యలో వంగినట్టున్నా, బాడీకీ చాసిస్‌కీ మధ్య సందు ఒకవైపు పెరిగినట్టున్నా దాని జోలికి వెళ్ళకండి, ఎంత చవకైనా సరే.

ఆపైన చిన్న చిన్నవి. ముందు బఫర్లు (డబ్బాలు ఆనుకునే గుండ్రటి బిళ్ళలు) రెండూ ఉన్నాయా, పక్కన చేతికమ్మీలు విరిగాయా, మెట్లు ఉన్నాయా, కప్లింగ్ (డబ్బాలు తగిలించే కొక్కెం) ఒరిజినలేనా. టెండర్ ఆ ఇంజన్‌దేనా లేక వేరేదాన్ని తగిలించారా అన్నది రంగు తేడా బట్టి తెలుస్తుంది, ఆకుపచ్చలో కొంచెం తేడా ఉన్నా పగటి వెలుతురులో తీసిన ఫోటో అడగండి. పెట్టె కొసన ఉన్న లేబుల్ మీది నంబరు, ఇంజన్ మీది నంబరు కలవాలి. పాత డబ్లో పెట్టెలకి అచ్చం అలాంటి కొత్త పెట్టెలు చేసి అమ్మేవాళ్ళున్నారు, అదేం తప్పు కాదు, కానీ దాన్ని ఒరిజినల్ అని చెప్పి ఎక్కువ గుంజితే తప్పు.

ఇంకొకటి, చాలామంది చివర్లో తెలుసుకునేది: కొన్నది మీ పట్టాల మీద నడుస్తుందా? హార్న్‌బీ డబ్లో 1959 దాకా మూడు పట్టాల పద్ధతి, వాటి చక్రాలకి ఇన్సులేషన్ ఉండదు, మన మామూలు రెండు పట్టాల మీద పెడితే షార్ట్ అవుతుంది. మార్క్లిన్ హెచ్ఓ రైళ్ళది పూర్తిగా వేరే పద్ధతి, మధ్యలో చిన్న చిన్న మొలల నుంచి కరెంటు తీసుకుంటాయి, పాతవి ఏసీ మీద నడుస్తాయి. బ్రిటిష్ ఓఓ స్కేలు 1:76, అంటే అసలు రైలులో 76వ వంతు, అమెరికా, యూరప్‌ల హెచ్ఓ 1:87, కానీ పట్టాల వెడల్పు రెండింటికీ 16.5 మిల్లీమీటర్లే, కాబట్టి అవి కలిసి నడుస్తాయి. బాగా పాత ట్రయాంగ్ చక్రాల అంచులు లోతుగా ఉంటాయి, నేటి సన్న పట్టాల మీద తగులుతూ ఎగిరెగిరి పడతాయి. ఇంకా ముఖ్యమైంది, అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన లయనెల్ సెట్టో, బాక్‌మన్ సెట్టో ఇక్కడ చేతులు మారుతుంటాయి. వాటితో వచ్చే ట్రాన్స్‌ఫార్మర్ చాలావరకు 120 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టారా, అది కాలిపోతుంది, ఇంట్లో పిల్లలున్నప్పుడు ఇది డబ్బు సంగతి కూడా కాదు. వెనక లేబుల్ చదవకుండా ఏ పాత ట్రాన్స్‌ఫార్మర్‌నీ ప్లగ్గులో పెట్టకండి.

ఇక వేలంలో దిగడం. మన దగ్గర బాలాపూర్ లడ్డూ వేలం చూడండి, 1994లో 450 రూపాయలతో మొదలైన పాట 2024లో 30 లక్షల 1000 దాకా వెళ్ళింది. అక్కడ పాడేవాళ్ళు లడ్డూ బరువుకి ధర కట్టరు, భక్తికి, ఊళ్ళో గౌరవానికి కడతారు, ఆ డబ్బు ఊరి పనులకి వెళుతుంది, అక్కడ అది సబబే. రైలు ఇంజన్ వేలంలో కూడా జనం అదే ఊపులో పడిపోతారు, వాడెవడో నన్ను దాటి పాడాడు కాబట్టి నేనింకో రెండు పౌండ్లు వేస్తాను అని. ఇక్కడ గెలిచినందుకు మీకు వచ్చేది ఇంజన్ ఒక్కటే. వచ్చే నెల అదే ఇంజన్ మళ్ళీ వేలానికి వస్తుంది.

ఈబే పద్ధతి తెలిస్తే ఈ టెన్షన్ చాలావరకు ఉండదు. మీరు ఇవ్వగలిగిన గరిష్ఠ ధర ఒక్కసారే వేయాలి. మీరు 54 పౌండ్లు అని వేశారనుకోండి, అవతల అందరికన్నా ఎక్కువ వేసినవాడిది 41 అనుకోండి, మీరు 42కే గెలుస్తారు, 54 కట్టక్కర్లేదు. మీ 54 ఎవరికీ కనిపించదు. అందుకని రెండేసి పౌండ్లు పెంచుకుంటూ పోయే పద్ధతి వల్ల మీకు లాభం లేదు, పైగా ధరని మీరే ముందుగా ఎక్కించినవాళ్ళవుతారు. వేలం ముగిసే సమయం ఖచ్చితంగా ఉంటుంది, పొడిగించరు. కాబట్టి అనుభవం ఉన్నవాళ్ళు ఆఖరి కొన్ని సెకన్లలో ఒకేసారి తమ గరిష్ఠ ధర వేస్తారు. ఇందులో మోసం లేదు, ఈబే దీన్ని అనుమతిస్తుంది. ఇంగ్లండ్‌లో ఆదివారం రాత్రి ముగిసేవి మనకి అర్ధరాత్రి దాటాక పడతాయి, అంతసేపు మేలుకోలేకపోతే పడుకునే ముందు వేసేసి పడుకోండి. గుండ్రంగా 50 అని కాకుండా 54.37 లాగా వేయండి, గుండ్రటి అంకె దగ్గర ఆగినవాణ్ణి కొన్ని పెన్నీలతో దాటేస్తారు.

ఒకవేళ పాట తీరు అనుమానంగా ఉంటే బిడ్ల చరిత్ర తెరవండి. పాడినవాళ్ళ పేర్లు దాచి ఉన్నా, ఒక్కొక్కరి మీద నొక్కితే వాళ్ళ బిడ్లలో ఎంత శాతం ఈ అమ్మకందారు సరుకు మీదే వేశారో చూపిస్తుంది. నూటికి తొంభై శాతం బిడ్లు ఒకే అమ్మకందారు మీద, ఫీడ్‌బ్యాక్ రెండో మూడో, ప్రతిసారీ గెలవకుండా మీకంటే ఒక మెట్టు కింద ఆగడం, ఇవన్నీ కలిసి కనిపిస్తే సొంత మనిషితో పాట పెంచిస్తున్నాడన్నమాట. మీరు ఓడిపోయిన రెండు రోజులకే 'గెలిచినాయన కొనలేదు, మీరు వేసిన గరిష్ఠ ధరకే ఇస్తాను' అని ఆఫర్ వస్తే కూడా ఇదే అనుమానించాలి. కాదనండి, అదే వస్తువు మళ్ళీ లిస్టవుతుంది.

మరి గరిష్ఠ ధర ఎంత? దాన్ని ఇంటికి చేరే ధర నుంచి వెనక్కి లెక్క కట్టాలి. మోడల్ రైళ్ళు కస్టమ్స్ లెక్కలో బొమ్మల పద్దు, 9503 కిందికే వస్తాయి. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు, ఆపైన జీఎస్టీ. వ్యక్తిగత పార్సిల్‌గా లెక్క కడితే రేటు వేరుగా ఉండొచ్చు, బడ్జెట్ వచ్చినప్పుడల్లా మారుతుంటుంది కూడా, కాబట్టి బిడ్ వేసే వారంలో ఉన్న రేటు చూసుకోండి. పన్ను వస్తువు ధర మీదే కాదు, పోస్టేజీ కలిపిన మొత్తం మీద పడుతుంది. లెక్క ఎలా కట్టాలో చూపడానికి మాత్రమే, వ్యక్తిగత పార్సిల్‌కి అన్ని పన్నులూ కలిపి 70 శాతం, పౌండు 115 రూపాయలు, పోస్టేజీ 22 పౌండ్లు అనుకుందాం. ఆ 140 పౌండ్ల ఇంజన్ ఇంటికి చేరేసరికి 31,600 రూపాయలు దాటుతుంది. అదే 50కి గెలిస్తే 14,000 చిల్లర. ఇప్పుడు మీ బడ్జెట్ 15,000 అనుకోండి: దాన్ని 1.7తో భాగిస్తే 8,800 చిల్లర, అంటే దాదాపు 76 పౌండ్లు, అందులోంచి పోస్టేజీ తీసేస్తే 54. అదే మీ గరిష్ఠ బిడ్. కార్డు వాళ్ళు విదేశీ లావాదేవీకి వేసే ఛార్జీ, కొరియర్ వాళ్ళ హ్యాండ్లింగ్ కోసం ఇంకో రెండు మూడు పౌండ్లు తగ్గించుకుంటే ఇంకా మంచిది.

ఈ లెక్క చూశాక చాలామంది మన దేశంలోనే ఉన్నది కొనడానికి ఇష్టపడతారు, నేనూ అదే చెబుతాను. 2018లో ఈబే ఇండియా మూతపడ్డాక ఇక్కడి సెకండ్‌హ్యాండ్ అంతా ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్ళింది. సికింద్రాబాద్‌లో, మారేడ్‌పల్లి, సైనిక్‌పురి వైపు, విదేశాల నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు ఇళ్ళు ఖాళీ చేసేటప్పుడు పూర్తి సెట్లు బయటికి వస్తుంటాయి. చేత్తో పట్టుకుని చూసి, బ్యాటరీ పెట్టి, నడిస్తేనే కొనొచ్చు. పాత సామాన్ల సంత జుమ్మేరాత్ బజార్‌లో దొరుకుతాయా అని ఎవరో ఒకరు ప్రతిసారీ అడుగుతారు, తిరగడానికి సరదాగా ఉంటుంది, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి.

మన భారతీయ ఇంజన్ల మోడళ్ళ సంగతి వేరు. డబ్ల్యూడీఎమ్-2 డీజిల్ ఇంజన్, డబ్ల్యూఏపీ-7 ఎలక్ట్రిక్ ఇంజన్ లాంటివి పెద్ద విదేశీ కంపెనీల కేటలాగుల్లో సాధారణంగా దొరకవు, ఇక్కడ కొద్దిమంది చిన్న స్థాయిలో, కొందరు 3డీ ప్రింటర్ మీద బాడీ చేసి విదేశీ చాసిస్ మీద కూర్చోబెట్టి అమ్ముతుంటారు. వీటి విషయంలో 'అరుదు' అన్న మాట నిజమే, ధర ఎక్కువున్నా నేను తప్పుపట్టను, అందులో ఒక మనిషి వారాల చేతిపని ఉంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే మాత్రం లోపల ఏ కంపెనీ చాసిస్ ఉందో తప్పక అడగండి, రేపు పళ్ళ చక్రం పోతే స్పేర్ దొరికేది దాన్ని బట్టే.

మీ ఇంటికి నేను చెప్పేది ఇదీ. బాబు కోసం హెచ్ఓలో గానీ ఓఓలో గానీ ఒక కొత్త చిన్న స్టార్టర్ సెట్, గుండ్రంగా పట్టాలు, 230 వోల్టుల కంట్రోలర్‌తో. నాన్నగారి కోసం ఒక నడవని పాత ఇంజన్, 'స్పేర్స్ ఆర్ రిపేర్' అని స్పష్టంగా రాసి తక్కువకి పెట్టినది, చాసిస్ తిన్నగా ఉందని చూసుకుని. లాలాగూడలో పనిచేసిన మనిషికి దాన్ని విప్పి, తుడిచి, బ్రష్షులు మార్చి మళ్ళీ నడిపించడంలో ఉండే ఆనందం పెట్టెలో మెరిసే ఇంజన్ ఇవ్వదు. వైర్లు, సోల్డర్, ఆల్కహాల్ అన్నీ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. వేలంలో 31 దగ్గర ఉన్న ఇంజన్ ధర పాట ముగిసేదాకా 30ల్లోనే ఉండి, అమ్మేవాడు అడుగుభాగం ఫోటో పంపితే, అది ఈ పనికి సరిగ్గా సరిపోతుంది.

ఆఖరిగా ఆ మొదటతని ఆఫర్. డబ్బు నేరుగా పంపమంటున్నాడంటే ఈబే రక్షణ మొత్తం వదులుకోమంటున్నాడని. ఇంజన్ రాకపోయినా, విరిగి వచ్చినా, అసలు వేరేది వచ్చినా మీ డబ్బు వెనక్కి ఇప్పించేవాళ్ళు ఉండరు. గిఫ్ట్ అని రాయడం ఇంకా ప్రమాదం: పోస్టులో, కొరియర్‌లో వచ్చే గిఫ్టులకి ఉన్న మినహాయింపుని 2019 డిసెంబర్‌లోనే తీసేశారు, రాఖీలు, ప్రాణాధార మందులు తప్ప. కొన్న వస్తువుని గిఫ్ట్ అని రాయిస్తే అది తప్పుడు డిక్లరేషన్, పార్సిల్ ఆగితే సమాధానం చెప్పాల్సింది ఇంగ్లండ్‌లో ఉన్నాయన కాదు, పేరూ అడ్రసూ ఉన్న మీరే. 'ఈబే ద్వారానే కొంటాను, అసలు ధరే రాయండి' అని ఒక్క లైను పంపండి, ఒప్పుకోకపోతే ఆ సంభాషణ అక్కడితో ఆపేయండి. వేలంలో ఉన్నదాని అడుగుభాగం ఫోటో వచ్చాక ఇక్కడే పెట్టండి, చాసిస్ సంగతి చూసి చెబుతాను.